చేసిన పనికి సరైన పేరు

ఇంగ్లీషువాళ్ల ఊరు స్కార్‌బెక్‌లో ఎవరికైనా ఒక మాట అవసరపడితే ఎనిడ్ బారక్లఫ్ దగ్గరికి వెళ్లేవారు. సమాధి రాయి మీద ఏం చెక్కించాలన్నా, ఇంటి యజమానికి కోపం రాకుండా కప్పు కారుతోందని చీటీ రాయాలన్నా, ఖాయమైన పెళ్లి తప్పిపోయిన సంగతి ఎవరి పరువూ పోకుండా పేపర్లో వేయించాలన్నా ఆమే దిక్కు. ఊరి వారపత్రిక ‘మెసెంజర్’లో ఆమె సబ్ ఎడిటర్. పదిహేడేళ్లప్పుడు టైపిస్టుగా ఆ ఆఫీసు మెట్లెక్కింది. నలభై ఏళ్లు నిండేసరికి ఆమె కంటబడకుండా ఒక్క కామా కూడా ఆ పత్రిక గుమ్మం దాటేది కాదు. సన్నగా పొడుగ్గా ఉండేది. కళ్లజోడు ముక్కు చివరికి జారి ఉండేది. జడ ముడిలో ఎప్పుడూ ఒక ఎర్ర పెన్సిల్ గుచ్చి ఉండేది, దానికోసం బల్లంతా వెతుక్కుంటూ ఉండేది.

మాటల పిచ్చి ఆమెకు ఇంట్లోనే అంటింది. తండ్రి జోసెఫ్ వారమంతా ఉన్ని మిల్లులో మేస్త్రీ, ఆదివారం చాపెల్‌లో, అంటే ఊరి చిన్న చర్చిలో, ప్రసంగీకుడు. మేనమామ హెర్బర్ట్ పోలీసు సార్జెంటు. ఆయన పెళ్లి చేసుకోలేదు గనక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి తప్పకుండా చెల్లెలింటికే వచ్చేవాడు. ఎనిడ్‌కు ఏడేళ్లప్పుడు పక్కింటి గోడెక్కి ప్లమ్ కాయలు కోసుకొచ్చింది. ఆ సంగతి భోజనాల బల్ల మీదికి వచ్చింది.

“పాపం చేశావు,” అన్నాడు తండ్రి, చెంచా కింద పెట్టి.

“పాపం సంగతి పైవాడు చూసుకుంటాడు గానీ బావా, నా పుస్తకంలో ఇది నేరం. గోడ దూకడం ఒకటి, దొంగతనం ఒకటి. రెండు కేసులు,” అన్నాడు మేనమామ, మాంసం ముక్క కోసుకుంటూ.

మూల కుర్చీలో ఉన్న అమ్మమ్మ తల కూడా ఎత్తలేదు. “జూన్ నెలలో ప్లమ్ కాయలేంటే, పళ్లు పులిసిపోవూ! దాన్ని తెలివితక్కువతనం అంటారు,” అంది.

అలా ఒక్క గుప్పెడు కాయలకు మూడు పేర్లు పడటం చూసి ఆ పిల్లకు కడుపునొప్పి కూడా గుర్తు రాలేదు. మనకు తప్పు, పాపం, నేరం, దోషం ఉన్నట్టే ఇంగ్లీషులోనూ బోలెడు మాటలున్నాయి. కాకపోతే వాళ్లు గీతలు గీసిన చోట్లు వేరు. కోర్టు మెట్లెక్కించేదంతా మనకు నేరమే. వాళ్లకు ఇల్లు దోస్తే క్రైమ్, కుక్కకు లైసెన్సు తీయించకపోతే అఫెన్స్. రెంటికీ జడ్జీ ఒకడే, శిక్ష వేసే బల్లా ఒకటే. కానీ రెండోదాన్ని మొదటి పేరుతో పిలిస్తే మాత్రం, కుక్కగల పెద్దమనిషి గొడుగు పుచ్చుకుని ఆఫీసు మీదికి వస్తాడు. ఎనిడ్ ఉద్యోగంలో సగం ఆ గొడుగులు రాకుండా చూడటమే.

ఇక 1958 సెప్టెంబరు సంగతి.

స్కార్‌బెక్‌లో ఏటా ఉల్లిగడ్డల పోటీ జరుగుతుంది. ఎవరి గడ్డ ఎక్కువ తూగితే వాళ్లకు ఒక రాగి కెటిల్. తరవాతి శనివారం చాపెల్‌లో పంటల పండుగ టీ పార్టీ. గెలిచిన గడ్డను తరిగి, చీజు కలిపి, మైదాపిండి పొరలో కూరి పెద్ద రొట్టెగా కాల్చి ఊరందరికీ పంచడం ఆనవాయితీ. ఆరేళ్లుగా కెటిల్ పెర్సీ హోల్‌రాయిడ్‌దే. ఆయన పోస్టుమాన్‌గా రిటైరైనవాడు, చాపెల్‌లో ఆర్గన్ వాయించేవాడు, గట్టిగా తుమ్మితే ఎవరైనా ఏమన్నా అనుకుంటారేమోనని జంకేవాడు. ఆ ఏడు కూడా ఆయన గడ్డే గెలిచింది. వంటావిడ చూపు మందం గనక తరిగేటప్పుడు ఆమెకు ఏ తేడా తెలియలేదు. శనివారం మూడింటికి టీలు పోశారు, రొట్టె కోశారు. కొత్తగా వచ్చిన పాస్టరు ఎలియట్ గారు మర్యాదకొద్దీ పెద్ద ముక్క తీసుకుని మొదటి కొరుకు కొరికారు.

టక్కుమంది.

పాస్టరు గారు నోట్లోంచి రెండు వస్తువులు తీసి సాసరులో పెట్టారు. ఒకటి ఆయన దవడ పన్నులో ముక్క. రెండోది చిన్న సీసపు గుండు, కాకుల్ని కొట్టే తూటాలో ఉండేది. అందరూ తమ తమ ముక్కలు గెలికి చూసుకున్నారు. సాయంత్రానికి తొమ్మిది గుళ్లు దొరికాయి. మొత్తం పదకొండని తరవాత తెలిసింది. మిగతా రెండూ ఎవరి కడుపులోకి పోయాయో ఈనాటికీ తెలియదు. చాలామంది చాలా రోజులు అనుమానంగా తిరిగారు.

“తూకంలో మోసం దేవుడి దృష్టిలో పాపం!” అన్నారు పాస్టరు గారు, చెంప పట్టుకుని.

“ఇది నేరం,” అన్నాడు హెర్బర్ట్ మామయ్య. అప్పటికి ఆయనకు డెబ్బై రెండు, రిటైరై పుష్కరం దాటింది. అయినా జేబులో నోటుబుక్కు కోసం తడుముకున్నాడు.

పెర్సీ హోల్‌రాయిడ్ ఆర్గన్ మూత వేసి, టోపీ పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

సోమవారం పొద్దున ఎడిటర్ గ్రీన్‌వుడ్ ఉత్సాహంగా చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. “‘ఉల్లిగడ్డ ఫ్రాడ్’ అని పెడదాం, మొదటి పేజీలో. ఏమంటావ్?”

“ఫ్రాడ్ అంటే లాయరు నోటీసొస్తుంది. మీ పేరుకే వస్తుంది,” అంది ఎనిడ్.

ఆయన చేతులు రుద్దుకోవడం ఆపి తన గదిలోకి వెళ్లిపోయాడు.

పది గంటలకు మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. పెర్సీ తలుపు దగ్గర టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. రెండు రోజుల్లో పదేళ్లు మీద పడ్డట్టున్నాడు.

“కూర్చోండి హోల్‌రాయిడ్ గారూ.”

“కూర్చోనమ్మాయ్. కూర్చుంటే చెప్పలేను. ఆ గుళ్లు నేనే పెట్టాను.”

ఎనిడ్ టీ పోసి ఆయన ముందుకు జరిపింది.

“ఈ ఏడు వానలు ముంచేశాయి. గడ్డ ఉబ్బలేదు. ఇంట్లో అలమారలో ఆరు కెటిళ్లు వరసగా ఉన్నాయి. ఏడోదానికి జాగా ఉంచాను. పొద్దున్నే లేవగానే ఆ ఖాళీ నన్ను చూసి వెక్కిరించేది. పక్కింటాయన తూటా ఒకటి విప్పి, గడ్డ అడుగున వేళ్ల పక్కనుంచి మా ఆవిడ అల్లిక సూదితో పదకొండు గుళ్లూ ఒక్కొక్కటీ లోపలికి తోశాను. గడ్డని రొట్టెలో పెడతారన్న సంగతి, చూడు, ఆ క్షణాన తట్టనే లేదు.”

“తట్టకపోవడమేంటండీ, ఆరేళ్లుగా మీ గడ్డే తిన్నాంగా!”

“అదే మా ఆవిడా అంటోంది. తిక్కముండావాడా అంటోంది. పాస్టరు గారు పాపం అంటున్నారు. మీ మామయ్య నేరం అంటున్నాడు. కమిటీవాళ్లేమో తొమ్మిదో నిబంధన అతిక్రమించారని కాగితం పంపారు. నేను చేసిందేంటో నాకు తెలుసమ్మాయ్. దాని పేరే తెలీట్లేదు. పేరు తెలిస్తే ఇక ఏం చెయ్యాలో తెలుస్తుందేమోనని నీ దగ్గరికొచ్చాను.”

ఇరవై మూడేళ్లలో ఆ బల్ల ముందుకు వచ్చిన వాళ్లంతా తాము చేసినదానికి చిన్న మాట వెతికిపెట్టమని వచ్చినవాళ్లే. సరైన మాట కావాలని వచ్చినవాడు ఈయనొక్కడే. ఎనిడ్ పెన్సిల్ కోసం బల్లంతా వెతికి, చివరికి జడలోంచి లాగింది.

“పొరపాటు అనొచ్చా?” అన్నాడు పెర్సీ, ఆశగా.

“పొరపాటంటే చెయ్యి జారడం. పదకొండుసార్లు జారదు కదండీ.”

“వైస్ అంటారు కదా, అదా?”

“తాగుడూ జూదంలాగా అలవాటైపోయినదాన్ని అంటారు. అంతకుముందు ఆరు గడ్డల్లో ఏమైనా పెట్టారా?”

“ఒట్టు! మా అమ్మ మీద ఒట్టు!”

“అయితే కాదు. మిస్చిఫ్ కూడా కాదు, ఆ చిలిపితనానికి మీకు అరవై ఏళ్లు తగ్గాలి.”

ఆయన పెదవి చివర కొంచెం కదిలింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“క్రైమ్ అయితే కోర్టులో రాణిగారికి జవాబు చెప్పుకోవాలి,” అంది ఎనిడ్. “శనివారం కానిస్టేబుల్ని అడిగాను, ఉల్లిగడ్డ పేరు వినగానే నవ్వుతూ కూలబడ్డాడు. కాబట్టి రాణిగారికి పట్టింపు లేదు. సిన్ అయితే మీకూ దేవుడికీ మధ్య, అందులో నేను వేలు పెట్టను. అఫెన్స్ అయింది, నిజమే. తొమ్మిదో నిబంధన అతిక్రమించారు. కమిటీ ఒక ఏడు పోటీకి రావద్దంటుంది, అంతటితో సరి.”

“అంతటితో సరిపోయినట్టు లేదమ్మాయ్. అదే బాధ.”

“సరిపోదు. ఒక మనిషి మిగిలిపోయింది కదా. మనిషికి మనిషి చేసే అన్యాయానికి రాంగ్ అని పేరుంది. నిబంధనకు చేసిందానికి కాగితం చాలు. ఇది మాత్రం ఒకరి గుమ్మంలోకి వెళ్లి చెప్పుకోవలసిందే. రెండో స్థానం ఎవరిది?”

“నెల్లీ సగ్డెన్‌ది. నేత మిల్లులో చేస్తుంది. పెళ్లికి ముందు నెల్లీ ఫర్త్.”

ఎనిడ్ చేతిలో పెన్సిల్ కదలడం మానేసింది.

నెల్లీ ఫర్త్ పేరు ఆమెకు కొత్తది కాదు. 1938లో నెల్లీకి పందొమ్మిదేళ్లు. దీపం లేని సైకిలు తొక్కుతూ పట్టుబడింది, కోర్టులో అయిదు షిల్లింగుల జరిమానా పడింది. మెసెంజర్‌లో ఆ వార్తకు శీర్షిక పెట్టింది ఎనిడ్. అప్పటికి ఆమెకు ఇరవై, శీర్షికలు పెట్టడం అప్పుడప్పుడే చేతికిచ్చారు. దీపం లేకపోవడం అఫెన్స్ అని ఆమెకు తెలుసు. కానీ ఇంగ్లీషులో ఆ మాటకు ఏడక్షరాలు. క్రైమ్‌కు అయిదే. కాలమ్ ఇరుకు. కింద ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటరు తొందరపెడుతున్నాడు. ‘నెల్లీ ఫర్త్ క్రైమ్’ అని వేసింది. ఊరివాళ్లు శీర్షిక చదివారు, కింద ఉన్న సైకిలు దాకా పోలేదు. బట్టలకొట్టు యజమాని ఆ సోమవారం నుంచి పనిలోకి రమ్మన్న పిల్లను, నేరస్తుల్ని గల్లా దగ్గర నిలబెట్టనని వెనక్కి పంపేశాడు. నెల్లీ మిల్లుకు పోయింది. ఈ సంగతి ఎనిడ్‌కు నెల తరవాత తెలిసింది. పొరపాటు జరిగిందని తనలో తను అనుకుంది. ఇరవై ఏళ్లుగా అదే మాట అనుకుంటూ వచ్చింది.

ఇప్పుడు ఈ ముసలాయనకు పొరపాటంటే ఏమిటో తన నోటితోనే చెప్పింది. చెయ్యి జారి అయిదక్షరాలు వరసగా పడవు.

“నేనూ వస్తాను, పదండి,” అంది కోటు తీసుకుంటూ.

“నీకెందుకమ్మా ఈ తలనొప్పి?”

“నాకూ ఆ ఇంట్లోనే పనుంది.”

పెర్సీ దారిలో ఇంటికి వెళ్లి కెటిల్ తెచ్చుకున్నాడు. మిల్ లేన్‌లో నెల్లీ ఇంటి గేటు దగ్గరకు వచ్చాక ఇద్దరి కాళ్లూ ఆగిపోయాయి. ఆ వారం మిల్లుకు సెలవు, ఇంటి కిటికీ తెర తీసే ఉంది.

“ఎలా మొదలుపెట్టను? ‘సగ్డెన్ గారూ, మీకు తెలియని విషయం ఒకటి’ అననా?” అన్నాడు పెర్సీ గుసగుసగా.

“ఊరంతటికీ తెలిసింది ఆమెకు తెలియకుండా ఉంటుందా? సూటిగా చెప్పండి. ‘నీకు రావలసింది నేను తీసుకున్నాను’ అనండి.”

“మరి నువ్వేమంటావు?”

“నేనా… ‘నీ పేరు పక్కన అయిదక్షరాల మాట పడింది’ అంటాను.”

“పడింది అంటే దానంతటదే పడినట్టుందమ్మాయ్.”

ఎనిడ్ ఆయన వంక చూసింది. “నిజమే. ‘వేశాను’ అంటాను.”

ఇద్దరూ ఒకటికి రెండుసార్లు వల్లించుకున్నారు. తలుపు తట్టేలోపే తెరుచుకుంది. నెల్లీ సగ్డెన్ పొట్టిగా, గుండ్రంగా, మోచేతుల దాకా పిండితో నిలబడి ఉంది.

“లోపలికి రండి. సగం అయిపోయింది, మిగతా సగం కూర్చుని చెప్పుకుందురు గాని,” అంది.

“సగమేంటి?” అన్నాడు పెర్సీ తెల్లబోయి.

“ఇరవై ఏళ్లు మగ్గాల మధ్య పని చేశాను హోల్‌రాయిడ్ గారూ. ఆ రొదలో చెవులు పని చెయ్యవు. మా మిల్లు ఆడాళ్లం అందరం పెదాలు చూసే మాట్లాడుకుంటాం. మీరిద్దరూ పావుగంట నుంచి నా కిటికీకి ఎదురుగా నిలబడి వల్లిస్తున్నారు. మొదటిసారి కంటే రెండోసారి బాగా చెప్పారు.”

పెర్సీ చెవుల దాకా ఎర్రబడ్డాడు. అయినా వచ్చినవాడు వెనక్కి తగ్గలేదు. కెటిల్ బల్ల మీద పెట్టి, ఆమె ముఖంలోకి చూస్తూ చెప్పాడు. “నీకు రావలసింది నేను తీసుకున్నాను నెల్లీ. కావాలనే తీసుకున్నాను. నీకు అన్యాయం చేశాను.”

నెల్లీ చేతులు తుడుచుకుంది. “ఏడేళ్లుగా నేనే రెండోదాన్ని. ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి. అంతకుముందు ఆరుసార్లూ కూడా గుళ్లేనా?”

“కాదమ్మా! అవి నిఖార్సైన గడ్డలు.”

“అయ్యో, గుళ్లేనని చెప్పి ఉంటే ఎంత బాగుండేది! ఆరుసార్లు న్యాయంగా ఓడిపోయానన్నమాట. ఇది ఎక్కువ మండుతోంది!” అని పకపకా నవ్వింది. తరవాత ఎనిడ్ వైపు తిరిగింది. నవ్వు కొంచెం తగ్గింది. “నువ్వు చెప్పు. గేటు దగ్గర నువ్వు అటు తిరిగి ఉన్నావు, సరిగ్గా కనపళ్లేదు.”

ఎనిడ్ ఎన్నో వేలమందికి మాటలు అందించింది. తన వంతు వచ్చేసరికి ఎర్ర పెన్సిల్ జడలోంచి తీసి మళ్లీ గుచ్చుకుంది. “దీపం లేని సైకిలు క్రైమ్ కాదని నాకు తెలుసు. కాలమ్‌లో పట్టలేదని వేశాను. నీ ఉద్యోగం పోయింది. తెలిసి కూడా నేను రాలేదు.”

నెల్లీ బల్ల మీది పిండిని అరచేత్తో ఒక మూలకు నెట్టింది.

“కొట్టు పోయిందని కాదు. మిల్లులోనే మా ఆయన దొరికాడు, మంచోడే. కానీ చాపెల్‌లో నేను కూర్చున్న బల్ల మీద పక్కావిడ సంచీ నాకు అందకుండా ఇటునుంచి అటు మార్చుకునేది. ఏడాది పాటు మార్చుకుంది. నీ ఆఫీసు నుంచి మా ఇంటికి ఎంతసేపు నడక?”

“పది నిమిషాలు.”

“ఇరవై ఏళ్లు పట్టింది నీకు. ఆయనకు రెండ్రోజులే పట్టింది, అదీ మోకాళ్ల నొప్పులతో.”

ఎనిడ్ తల దించుకుంది. “అవును,” అంది.

నెల్లీ కెటిల్ ఎత్తి అటూ ఇటూ ఊపి చూసింది. “మీరు తూటా గుళ్లు, ఈవిడ అచ్చక్షరాలు. ఇద్దరూ సీసంతోనే చేశారు నా పని! దీన్లో ఏం లేవు కదా? సరే, ఈ నీళ్లు మరిగేదాకా కూర్చోండి. టీ తాగి పోదురు గాని.”

ఆ గురువారం గ్రీన్‌వుడ్ ముందు ఎనిడ్ రెండు కాగితాలు పెట్టింది. మొదటిది పోటీ వార్త. కెటిల్ చేతులు మారిందని, హోల్‌రాయిడ్ తాను సగ్డెన్ గారికి అన్యాయం చేశానని ఒప్పుకున్నారని నాలుగు ముక్కల్లో ఉంది. ఆయన దానికి ఊ అన్నాడు. రెండోది చదివి కళ్లజోడు తీసేశాడు.

“ఇరవై ఏళ్ల కిందటి శీర్షికకు సవరణా? ఏ పేపరైనా వేస్తుందా ఎనిడ్? జనం నవ్వుతారు.”

“నవ్వనివ్వండి. వెయ్యకపోతే నేను రేపటినుంచి రాను. తరవాత కామాలు మీరే చూసుకోండి.”

గ్రీన్‌వుడ్ ఆమె లేని శుక్రవారాన్ని ఒక్క క్షణం ఊహించుకుని సంతకం పెట్టేశాడు. సవరణ మొదటి పేజీలో, రెండు కాలమ్‌ల వెడల్పున పడింది: ‘1938లో నెల్లీ ఫర్త్ గారు దీపం లేని సైకిలు నడపడాన్ని ఈ పత్రిక క్రైమ్ అని రాసింది. అది అఫెన్స్ మాత్రమే. ఆమె పట్ల రాంగ్ చేసింది మేము. రాసిన వ్యక్తి ఎనిడ్ బారక్లఫ్.’

జనం నవ్వారు, నిజమే. నవ్వుకుంటూనే కత్తిరించి దాచుకున్నారు. హెర్బర్ట్ మామయ్య ఆ ముక్కను మడిచి నోటుబుక్కులో పెట్టుకుని, నలభై ఏళ్ల సర్వీసులో తనకు ఇంత శుభ్రమైన వాంగ్మూలం ఒక్కటీ దొరకలేదని ఎదురైన ప్రతివాడికీ చెప్పాడు. చాపెల్‌లో నెల్లీ పక్కన కూర్చోవడానికి జాగా దొరకడం కష్టమైంది. బట్టలకొట్టు పాత యజమాని ఎప్పుడో పోయాడు. అతని కొడుకు మాత్రం ఒక శాలువా పంపాడు. నెల్లీ అది తిప్పి తిప్పి చూసి, రంగు బాగాలేదని మార్పించుకుంది.

పెర్సీని కమిటీ ఒక ఏడు పోటీకి దూరంగా ఉంచింది. కానీ చేతులు ఊరుకోవు కదా, నెల్లీ పెరట్లో పాదుకు పేడ ఎంత వెయ్యాలో, మొలకలు ఎప్పుడు నాటాలో చెప్పడానికి రోజూ వెళ్లేవాడు. ఇద్దరూ ప్రతిదానికీ పోట్లాడుకునేవారు. ఆయన గేటు అవతలికి పోయి గొణుక్కుంటే ఆమె కిటికీలోంచి జవాబు చెప్పేది.

1959 పోటీకి కమిటీ ఒక కొత్త నిబంధన పెట్టింది. గెలిచిన గడ్డను అక్కడికక్కడే, అందరి ముందూ, బల్ల మీద పెట్టి కొయ్యాలి. నెల్లీ గడ్డ అయిదు పౌన్ల చిల్లర తూగింది, రెండోదానికి ఆమడ దూరంలో. కత్తి ఎవరికివ్వాలన్న ప్రశ్న వచ్చింది. “హోల్‌రాయిడ్ గారికివ్వండి. ఏం వెతకాలో ఆయనకే బాగా తెలుసు,” అంది నెల్లీ. హాలు హాలంతా ఘొల్లుమంది. పెర్సీ కూడా నవ్వేశాడు. గడ్డను నిలువునా రెండుగా, రెంటినీ నాలుగుగా కోసి, ఒక్కో ముక్కా ఎత్తి చూపించాడు. తెల్లగా, పాలుగారుతూ, పొర మీద పొర. అంత పెద్ద గడ్డ ఘాటు కిటికీలు మూసిన ఆ హాల్లో నిమిషంలో నిండిపోయింది. పాస్టరు గారు కళ్లు ఒత్తుకున్నారు. హెర్బర్ట్ మామయ్య రుమాలు తీశాడు. పెర్సీకి కత్తి కనపడటం మానేసింది.

ఎనిడ్ కళ్లజోడు తుడుచుకుంటూ, ముక్కు ఎగబీల్చుకుంటూ నోటుబుక్కులో రాసుకుంది: ‘బహుమతి ప్రకటించగానే సభలో కన్నీరు పెట్టనివారు లేరు.’ ఆ మాట మీద ఎవరూ గొడుగు పట్టుకు రారని ఆమెకు గట్టి నమ్మకం.